ఆటల కోసం కూర్చిన పెట్టె

వార్షిక సంచికకు ఏదైనా వ్రాయవలసిందిగా సంపాదకవర్గం వారు కోరినప్పుడు కొంత సంకోచించాను. మన సంచికను ఎడమ నుండి తెరిచినవారికి తెలుగు, కుడి నుండి తెరిచినవారికి ఉర్దూ ఎదురవుతాయి. రెండు వైపులా పెద్దలు, మిత్రులు సాహిత్యాన్ని గూర్చి, సమాజాన్ని గూర్చి వ్రాస్తారు. నేను వ్రాయబోయేది ఒక ఇనుప పెట్టెను గూర్చి. అందునా ఆటలాడుకొనే కంప్యూటర్‌ను గూర్చి. కమిటీ పెద్దలు దీనిని చదివి, ఈ కుర్రవాడు ఫీజు కట్టి వచ్చినది ఇందుకా అని అనుకోకుందురు గాక!

అయినా వ్రాయడానికి కారణం ఉన్నది. గత రెండేళ్ళుగా మన కళాశాల తమ్ముళ్ళు నోటుపుస్తకపు కాగితం ఒకటి చింపి తెచ్చి, "భాయ్, ఈ లిస్టు సరిపోతుందా?" అని అడుగుతూనే ఉన్నారు. ప్రతి లిస్టులోను గ్రాఫిక్స్ కార్డు పేరు అన్నింటికంటె పైన, పెద్ద అక్షరాలతో ఉంటుంది. అన్నింటికంటె అడుగున ఎస్.ఎం.పి.ఎస్. అన్న చోట "ఏదైనా ఒకటి" అని ఉంటుంది. నా మొదటి లిస్టు కూడ అచ్చంగా అటువంటిదే.

నా చిన్ననాడు నాంపల్లి స్టేషన్‌కు దగ్గరలో ఒక ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. గంటకు ఇరవై రూపాయలు. అప్పటికే పాతబడిన క్రికెట్ 07 ఆటను అక్కడ ఒకే కుర్చీలో ఇద్దరం కూర్చొని ఆడేవాళ్ళం. ఒకడు బ్యాటింగ్, ఒకడు పక్కన సలహా. గంట ముగిసే వేళకు సరిగ్గా చివరి ఓవరు వచ్చేది. ఎన్ని మ్యాచ్‌లు అట్లా ఫలితం తేలకుండా నిలిచిపోయినవో! సొంతంగా ఒక కంప్యూటర్ ఉండాలన్న కోరిక ఆ మిగిలిపోయిన ఓవర్లలోనే పుట్టింది కాబోలు.

మా అబ్బాజాన్ టీ.వీ. మెకానిక్. అబిడ్స్ నుండి నాంపల్లికి వచ్చే దారిలో ఒక గల్లీలో ఆరడుగుల వెడల్పు దుకాణం. ఆయన పని నేర్చుకొన్న రోజులలో మన నగరపు ఇ.సి.ఐ.ఎల్. వారి ఇ.సి. టీ.వీ.లు బాగుచేయడానికి వచ్చేవట. 1982లో రంగుల ప్రసారాలు మొదలైన పిదప ఆ పనికి మంచి గిరాకీ వచ్చింది. నాకు ఊహ తెలిసేనాటికి పిక్చర్ ట్యూబులు పోయి పలుచని టీ.వీ.లు వచ్చాయి. వాటిలో ఏది చెడినా బోర్డు మొత్తం మార్చడమే తప్ప బాగుచేయించుకొనేవారు తక్కువ. 2023 నాటికి వారానికి రెండు సెట్లు వస్తే గొప్ప. దుకాణం ఎత్తివేయాలా వద్దా అన్న మాట ఇంట్లో రాత్రిపూట, మేము నిద్రపోయామనుకొని, అమ్మీతో అంటూ ఉండేవారు.

అటువంటి ఇంట్లో ఆటల కంప్యూటర్ మాట ఎత్తడానికి నాకు ధైర్యం లేకపోయింది. ఇంటర్మీడియెట్ చదువుతున్న రెండేళ్ళూ మల్లేపల్లిలో పిల్లలకు లెక్కల ట్యూషన్ చెప్పి, ఈదీలు కలిపి, 2023 రంజాన్ పండుగ తరువాత లెక్క చూసుకొంటే యాభై వేల రూపాయలున్నాయి. ఆ డబ్బు ఉన్న సంగతి అబ్బాజాన్‌కు తెలుసు. దేనికన్నది తెలియదు. డిగ్రీ ఫీజుకని అనుకొంటున్నారేమోనన్న అనుమానం నన్ను లోలోపల కొరుకుతూనే ఉండేది.

ఇక నా లిస్టు సంగతి. ఆటల కంప్యూటర్‌లో బొమ్మను గీసేది గ్రాఫిక్స్ కార్డు. ఆటలోని లెక్కలు చేసేది ప్రాసెసర్. తెరమీద బొమ్మ సెకనుకు అరవైసార్లు మారితే కదలిక నున్నగా కనిపిస్తుంది. ముప్పైకి తగ్గితే కంటికి తెలుస్తుంది. కార్డు ఎంత పెద్దదైతే అంత మంచిదని మా మిత్రబృందపు సిద్ధాంతం. అందువలన ప్రాసెసర్‌కు ఇంటెల్ ఐ3-12100ఎఫ్ వ్రాసుకొన్నాను. నాలుగు కోర్లు, ధర తక్కువ. ఆ పేరు చివర ఉన్న ఎఫ్ అన్న అక్షరాన్ని నేను లక్ష్యపెట్టలేదు. ఆ అక్షరమున్న ప్రాసెసర్‌లో బొమ్మను చూపే భాగం ఉండదు. విడిగా కార్డు లేకపోతే, లేదా ఉన్న కార్డు చెడిపోతే, కంప్యూటర్ నడుస్తూనే ఉంటుంది గాని తెర గుడ్డిది. కార్డుకు రేడియాన్ ఆర్.ఎక్స్. 6600 వ్రాసుకొన్నాను. అదొక్కటే ఇరవైరెండు వేలు. మానిటర్‌కు డబ్బు మిగలలేదు. ఎస్.ఎం.పి.ఎస్. క్యాబినెట్‌తోపాటే ఉచితంగా వస్తుందని ఎవరో చెప్పగా సంతోషించాను.

ఒక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు చూస్తూ తిరుగుతున్నాను. ఆల్బర్ట్ ఆబిద్ అనే వర్తకుని దుకాణం వలన పేరు వచ్చిన ఆ కూడలి ఆదివారం నాడు మూతపడిన దుకాణాల ముందు పుస్తకాలతో నిండిపోతుందని మీకు తెలియనిది కాదు. అక్కడే కలిసిన ఒక పరిచయస్థుడు, ఒకచోట పాత గ్రాఫిక్స్ కార్డులు కారుచౌకగా ఇస్తున్నారని చెప్పాడు. ఎక్కడో, ఎవరో చెప్పను. ఇప్పుడు చెప్పి ప్రయోజనం లేదు. ఆర్.ఎక్స్. 580, ఎనిమిది జీబీ, ఏడు వేల ఐదువందలు. ఇరవైరెండు వేల కార్డు ఎక్కడ, ఇది ఎక్కడ! మానిటర్ కూడ వచ్చేస్తుంది. బిల్లు లేదు. "టెస్టింగ్ వారంటీ" అన్నాడు. అంటే ఏమిటని అడగడానికి నామోషీ అనిపించింది.

అంత చౌక ఎందుకన్న ప్రశ్నకు జవాబు తరువాత తెలిసింది. 2017లో వచ్చిన ఆ కార్డులను చాలామంది క్రిప్టో నాణేల తవ్వకానికి వాడారు. రాత్రింబవళ్ళు, నెలల తరబడి, ఒకే వేడిమీద నడిపారు. 2022 సెప్టెంబరులో ఇథీరియమ్ ఆ పద్ధతిని మానివేయడంతో ప్రపంచమంతటా ఆ పనిలో ఉన్న కార్డులు ఒక్కసారిగా పాత సామాను బజారుకు చేరాయి. పెయింటు వేసిన పాత ఆటోను కొన్నట్లు నేను ఒకదానిని కొన్నాను.

మల్లేపల్లిలోని సహపాఠి ఇంట్లో అతని కంప్యూటర్‌కు దానిని బిగించి చూశాము. ఇరవై నిమిషాలు దివ్యంగా నడిచింది. ఆ తరువాత తెరమీద రంగురంగుల గళ్ళు లేచాయి. ఏదో మాడిన వాసన వచ్చింది. తెర నల్లబడింది. అదృష్టవశాత్తు అతని యంత్రానికి ఏమీ కాలేదు. మరునాడు అమ్మినవాని వద్దకు పోతే, టెస్టింగ్ వారంటీ అంటే తన ఎదుట పరీక్షించినంతసేపే అని చెప్పాడు. అతడు అబద్ధమాడలేదు. నేను అడగలేదు, అంతే.

మూడు రోజులు ఆ కార్డును పుస్తకాల వెనుక దాచాను. నాలుగోనాడు దుకాణానికి తీసికొనిపోయి బల్లమీద పెట్టి ఉన్నదంతా చెప్పాను. (అబ్బాజాన్ మాట్లాడేది ఉర్దూలోనే; ఆ మాటలను నాకు చేతనైన తెలుగులో ఇస్తున్నాను.) తిడతారనుకొన్నాను. ఆయన ఏమీ అనకుండా కళ్ళజోడు సవరించుకొని స్క్రూలు విప్పారు. చిప్‌కు, హీట్‌సింక్‌కు మధ్య ఉండవలసిన పేస్టు ఎండి సుద్దముక్కవలె రాలింది. ఫ్యాన్ రెక్కల మూలాలలో దుమ్ము గడ్డకట్టి ఉన్నది. విద్యుత్తు వచ్చే వైపు ఒక మాస్‌ఫెట్ పక్కన మిరియపు గింజంత నల్లమచ్చ. మల్టీమీటర్ పెట్టగానే బీప్‌మని అరిచింది. పన్నెండు వోల్టుల దారి షార్ట్ అయింది.

"మాస్‌ఫెట్ మార్చగలను బేటా. దానితోపాటు లోపలి చిప్ కూడ పోయిందో లేదో నాకు తెలిసే దారి లేదు. నీ దగ్గర మళ్ళీ డబ్బు తీసికోలేను గదా" అన్నారు.

కొంతసేపటికి తన కథ ఒకటి చెప్పారు. కొత్తగా దుకాణం పెట్టిన రోజులలో ఒకరి టీ.వీ.కి రీగన్ చేసిన పిక్చర్ ట్యూబు, అంటే పాతదానిలో గన్ మార్చి కొత్తదానివలె చేసినది, చౌకగా వచ్చిందని తెచ్చి వేశారట. నెల తిరగకముందే బొమ్మ మసకబారింది. ఆ ఇంటివారికి కొత్త ట్యూబు తెచ్చి వేయడానికి అమ్మీ గాజు ఒకటి తాకట్టు పెట్టవలసి వచ్చింది. ఆ సంగతి అమ్మీ కూడ నాతో ఎన్నడూ అనలేదు.

"లిస్టు చూపించు" అన్నారు. చూపించాను. ఆయనకు ప్రాసెసర్ల పేర్లు తెలియవు. కాగితాన్ని అడుగు నుండి పైకి చదవడం మొదలుపెట్టారు. మొదటి మెట్టు దగ్గరనే ఆగిపోయారు.

"సప్లై ఏదైనా ఒకటా?"

గోడలోనుండి వచ్చే 230 వోల్టుల కరెంటును పన్నెండు, ఐదు, మూడుంబావు వోల్టులుగా మార్చి ప్రతి భాగానికి అందించేది ఎస్.ఎం.పి.ఎస్. (మూడుంబావు అన్నది అబ్బాజాన్ లెక్క, లేబుల్ మీద 3.3 అని ఉంటుంది.) అది తప్పుచేస్తే నష్టపోయేది అదొక్కటే కాదు. నలభై ఏళ్ళలో తన బల్లమీదికి వచ్చిన సెట్లలో సగానికి సగం సప్లై జబ్బులవేనని చెప్పారు. ఆ తరువాత నేను ఊహించని ప్రశ్న అడిగారు: "మన ఇంట్లో ఎర్త్ ఉన్నదా?"

మేము ఉండేది నాంపల్లిలో పాత ఇంటి పైఅంతస్తు, అద్దెకు. ప్లగ్గుకు మూడు రంధ్రాలున్నాయి గనుక మూడూ పనిచేస్తాయని నేను అనుకొన్నాను. ఆ రాత్రి అబ్బాజాన్ టెస్ట్ ల్యాంపు తెచ్చారు. ఫేజుకు, న్యూట్రల్‌కు మధ్య పెడితే బల్బు వెలిగింది. ఫేజుకు, పై రంధ్రానికి మధ్య పెడితే వెలగలేదు. ప్లేటు విప్పి చూస్తే మూడో రంధ్రానికి తీగయే లేదు! అది గోడలో నోరు తెరుచుకొని ఉన్న ఉత్త అలంకారం.

దానివలన కలిగే హాని ఏమిటో ఆయన చెప్పిన తరువాత నాకు కంప్యూటర్ పెట్టెలను ముట్టుకొంటే కొన్నిచోట్ల చెయ్యి ఎందుకు జివ్వుమంటుందో అర్థమయింది. ఎస్.ఎం.పి.ఎస్.లోనికి కరెంటు ప్రవేశించే చోట రెండు తీగలనుండి ఇనుప పెట్టెకు రెండు చిన్న కెపాసిటర్లు కలిపి ఉంటాయి. వాటి ద్వారా వచ్చేది ఎర్త్ తీగ వెంట నేలలోకి పోవాలి. ఎర్త్ లేకపోతే పెట్టె ఒళ్ళంతా సుమారు సగం వోల్టేజి నిలిచి ఉంటుంది. ఆ కరెంటు స్వల్పమే గనుక మనిషి వులిక్కిపడతాడు, అంతే. నిజంగా లోపల తీగ తెగి పెట్టెకు తగిలిన నాడు మాత్రం కాపాడేది ఆ మూడో తీగయే.

ఇంటి యజమాని అనుమతి ఇచ్చారు. ట్రూప్ బజార్‌లో జి.ఐ. పైపు, ఆకుపచ్చ తీగ కొన్నాము. పెరటి మూలలో గుంట తవ్వి, పైపు చుట్టూ బొగ్గు ఒక పొర, ఉప్పు ఒక పొర వేసి పూడ్చి, నీళ్ళు పోశాము. తీగను గోడ వెంట పైకి తెచ్చి నా గదిలోని ప్లగ్గుకు, అమ్మీ ఫ్రిజ్ ప్లగ్గుకు కలిపారు. రెండు రోజుల పని. ఖర్చు ఆయనే పెట్టుకొన్నారు. బల్బును మళ్ళీ ఫేజుకు, ఎర్త్‌కు మధ్య పెట్టినప్పుడు వెలిగిన వెలుతురు నాకు ఇప్పటికీ గుర్తున్నది. కంప్యూటర్‌లో ఒక్క భాగమైనా కొనకముందే ఆ యంత్రపు మొదటి భాగం మా పెరటిలో అమరింది.

మిగిలిన నలభైరెండు వేల ఐదువందలతో కొత్త లిస్టు వ్రాసుకొన్నాను. ఈసారి కార్డు లేదు. ఎ.ఎం.డి. రైజన్ 5 5600జి అనే ప్రాసెసర్‌లో ఆరు కోర్లతోపాటు వేగా అనే చిన్న గ్రాఫిక్స్ భాగం కూడ లోపలే ఉంటుంది. పెద్ద ఆటలకు అది చాలదు. కాని ఇవాళ తెర వెలుగుతుంది. కార్డును రేపు, డబ్బు వచ్చినప్పుడు, ఖాళీగా ఉంచిన స్లాటులో బిగించుకోవచ్చు. దానికి ఒక చిక్కు ఉన్నది. సొంత మెమొరీ లేదు గనుక ర్యామ్‌నే పంచుకొంటుంది. అందుచేత పదహారు జీబీ పట్టీ ఒకటి కొనడం కంటె ఎనిమిది జీబీవి రెండు కొని, రెండు దారుల వెంట మెమొరీ నడిచేటట్లు చేయడం మంచిది. ధర దాదాపు అంతే. ఆటలో తేడా మాత్రం కంటికి కనిపించేంత.

నాంపల్లిలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, ప్యారడైజ్‌లో దిగి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పోయాము. నగరంలో కంప్యూటర్ భాగాలకు అదే పెద్ద బజారు. అబ్బాజాన్ దుకాణం మూసి నా వెంట రావడం అదే మొదలు. ప్రతి దుకాణంలోను నేను ప్రాసెసర్ ధర అడుగుతుండగా ఆయన మూలన ఉన్న ఎస్.ఎం.పి.ఎస్.ల పక్కన నిలబడి లేబుళ్ళు చదివేవారు. ఒకచోట 500 వాట్లు అని పెద్దక్షరాలున్నదానిని తీసి, అందులో పన్నెండు వోల్టుల గడి వద్ద వేలు పెట్టి నాకు చూపించారు. పదహారు ఆంపియర్లు. పన్నెండును పదహారుతో గుణిస్తే నూటతొంభైరెండు. ప్రాసెసర్, కార్డు రెండూ తినేది ఆ గడిలోనే. నేను కొన్న ఆ పాత కార్డు ఒక్కటే నూటఎనభై అయిదు వాట్లది! లెక్కల ట్యూషన్ చెప్పినవాడిని, ఆ గుణకారం నాకు తట్టలేదు.

చివరకు 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర ఉన్న 550 వాట్లది నాలుగువేల మూడువందలకు తీసికొన్నాము. నా పూర్వపు లిస్టులో అది ఉచితపు వస్తువని పాఠకులు మరువరాదు. మిగిలినవి: ప్రాసెసర్ 12,200, బి450 మదర్‌బోర్డు 6,300, ర్యామ్ 3,700, అయిదువందల జీబీ ఎస్.ఎస్.డి. 2,600, రెండు ఫ్యాన్ల క్యాబినెట్ 2,900, ఇరవైనాలుగంగుళాల మానిటర్ 8,600, కీబోర్డు, మౌస్ 900. మొత్తం నలభైఒక్క వేల ఐదువందలు, పద్దెనిమిది శాతం జి.ఎస్.టి. కలుపుకొని, బిల్లుతో. బి450 బోర్డు ఆ ప్రాసెసర్‌కంటె ముందుతరంది గనుక దానిలోని బయాస్ కొత్తదేనా అని అడిగి, పెట్టెమీద ఆ మాట చూసిన తరువాతనే డబ్బు ఇచ్చాను. అడగడానికి ఈసారి నామోషీ అనిపించలేదు.

ఆ సాయంత్రం దుకాణపు బల్లమీదనే కూర్చాము. ఆ ప్రాసెసర్ అడుగున 1331 పిన్నులుంటాయి, వెంట్రుకలవలె. ఒక్కటి వంగినా వ్యర్థం. మూలనున్న బంగారు త్రికోణాన్ని సాకెట్ గుర్తుకు సరిచూసి వదిలితే, నొక్కకుండానే, తన బరువుకు తానే దిగాలి. నా చేతులు వణికాయి. అబ్బాజాన్‌ను చేయమన్నాను. "నా చూపు చాలదు. నువ్వే చెయ్యి, నేను దీపం పట్టుకొంటాను" అన్నారు. ఆయన చూపు చాలదన్న మాట అంతవరకు ఎవరి వద్దా అనలేదు. దుకాణం ఎత్తివేయాలన్న ఆలోచనకు గిరాకీ ఒక్కటే కారణం కాదని నాకు ఆ దీపపు వెలుతురులో తెలిసింది.

మొదటిసారి స్విచ్ నొక్కితే ఫ్యాన్లు తిరిగాయి గాని తెర వెలగలేదు. నా గుండె ఆగింది. ర్యామ్ పట్టీ ఒకటి సగమే దిగి ఉన్నది. టక్కుమనే దాకా నొక్కితే వెలిగింది. అన్నీ బిగించిన తరువాత క్యాబినెట్ వెనుక పెట్టవలసిన రేకు బల్లమీదనే మిగిలి ఉండడం చూసి మళ్ళీ అంతా విప్పాము. ఇది చేయని వాడు కంప్యూటర్ కూర్చినవాడే కాదని తరువాత చాలామంది ఓదార్చారు.

మొదట ఆడినది క్రికెట్ 07. చివరి ఓవరు దాకా. అబ్బాజాన్ స్టూలు మీద కూర్చొని, ఫీల్డరు నిలబడిన చోటు తప్పని ఒకటి రెండుసార్లు ఆక్షేపించారు. జి.టి.ఎ. ఫైవ్ కూడ సెట్టింగులు తగ్గించుకొంటే ఆడదగినంతగా నడిచింది. నా మిత్రుల యంత్రాల ముందు అది పేదదే; ఆ మాట దాచను. కొందరు నవ్వారు కూడ. ఫీజు సంగతి మాత్రం అబ్బాజాన్ తామే ఎత్తారు: అది తన బాధ్యతయని, నా డబ్బుమీద తాను ఎన్నడూ లెక్క వేసికోలేదని. నేను రెండేళ్ళు మోసిన అనుమానం అట్లా ఒక్క మాటతో దిగిపోయింది.

ఖాళీ స్లాటు ఏడాదిన్నర ఖాళీగానే ఉన్నది. 2024 చివర ట్యూషన్ డబ్బుతో ఆర్.ఎక్స్. 6600 కొని బిగించాను, కొత్తది, బిల్లుతో. ఎస్.ఎం.పి.ఎస్. మార్చనక్కరలేకపోయింది.

దుకాణం ఇంకా ఉన్నది. నేను సన్నని పనులు చేస్తాను, ఆయన జబ్బు ఎక్కడున్నదో చెబుతారు. టీ.వీ.లతోపాటు ఇప్పుడు మానిటర్లు, ఎస్.ఎం.పి.ఎస్.లు వస్తున్నాయి; సాయంత్రం వేళ మన కళాశాల విద్యార్థులు లిస్టులతో వస్తారు. 2025 చివరి నెలలలో, కృత్రిమ మేధ కేంద్రాలకు మెమొరీ చిప్పులు తరలిపోవడం వలన, ర్యామ్ ధరలు ఒక్కసారిగా పెరిగాయి. నేను మూడువేల ఏడువందలకు కొన్నదానిని నేటి ధరతో పోల్చుకొని తమ్ముళ్ళు నిట్టూరుస్తారు. సప్లైకు పెట్టవలసిన డబ్బును ర్యామ్‌కు మళ్ళిద్దామా అని మొన్న ఒకరు అడిగారు. కాగితాన్ని అబ్బాజాన్‌కు అందించాను. ఆయన అలవాటు ప్రకారం అడుగు నుండి చదవడం మొదలుపెట్టి, తల ఎత్తి, "ముందు ఇది చెప్పు. మీ ఇంట్లో ఎర్త్ ఉన్నదా?" అని అడిగారు.

ఆ కుర్రవాడు నా వైపు చూశాడు. నేను టెస్ట్ ల్యాంపు తీసి సంచిలో పెట్టుకొన్నాను.